జర్మన్ ప్రభువుగారి రెండో భార్య

సింగపూర్ క్లెమెంటిలో మా ఫ్లాట్‌లో ఒక గది అద్దెకిచ్చేవాళ్లం. యూనివర్సిటీ దగ్గర కాబట్టి చదువుకునేవాళ్లే వచ్చేవారు. ఒక ఏడాది జర్మనీ నుంచి యాభై దాటిన ఆవిడ వచ్చారు. చరిత్ర పరిశోధకురాలు. మా ఇంట్లో ఆవిడ పేరు ప్రొఫెసరమ్మ. వందల ఏళ్ల కిందట వాళ్ల దేశంలో ఒక చిన్న రాజ్యాన్ని ఏలిన ప్రభువు గురించీ, అతని కుటుంబం గురించీ పుస్తకం రాస్తున్నారు.

అప్పటికి నాకు పెళ్లయి రెండేళ్లు. మా ఆయనకు నేను రెండో భార్యను. మొదటి ఆమె జబ్బు చేసి పోయింది. ప్రొఫెసరమ్మ వచ్చేనాటికి వాళ్ల పాపకు పదేళ్లు. నన్ను ఆంటీ అనేది. చెప్పిన పని చేసేది, అడిగినదానికి ఇంగ్లీషులో జవాబిచ్చేది. అంతకుమించి ఒక్క అడుగు దగ్గరికి వచ్చేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రొఫెసరమ్మ మా డైనింగ్ టేబుల్ మీద పాత దస్తావేజుల ఫొటోలు పరుచుకుని కూర్చున్నారు. ఎదురుగా పాప హోంవర్క్ చేసుకుంటోంది. నేను చిక్కుడుకాయలు తుంచుతూ మీ ప్రభువు కథేమిటని అడిగాను.

చిన్నప్పుడే అతని తండ్రి పోయాడట. కొడుకు పెద్దయ్యేదాకా తల్లే రాజ్యం చూసుకుంది. తర్వాత పొరుగు ప్రభువుతో ఏళ్ల తరబడి కొట్లాటలు. మొదటి భార్య మూడో కాన్పులో పోయింది. చివరికి పొరుగాయనతో రాజీ కుదిరి, ఆయన కూతుర్నే రెండో పెళ్లి చేసుకున్నాడు.

పాప తలెత్తింది. "మరి మొదటి ఆమె పిల్లల్ని ఈమె బాగా చూసిందా?"

"అది ఎవరూ రాసిపెట్టలేదు. కానీ ఇది చూడు," అని ప్రొఫెసరమ్మ రెండు ముద్రలున్న ఒక కాగితం ఫొటో చూపించారు. ప్రభువు చనిపోయాక రెండో భార్య తన సొంత ద్రాక్షతోట రాబడిని చర్చికి రాసిచ్చింది. మొదటి భార్య సమాధి దగ్గర రోజూ దీపం పెట్టడానికి. రెండో ముద్ర మొదటి భార్య పెద్దకొడుకుది.

"ఎందుకు? మొదటి ఆమె ఈమెకు తెలియనే తెలియదు కదా?"

"పిల్లలకు తెలుసుగా," అన్నారు ప్రొఫెసరమ్మ.

నా చేతులు ఆగిపోయాయి. మా పెళ్లికి ముందు మా ఆయన తన మొదటి భార్య ఫొటోను తువ్వాలులో చుట్టి, బీరువా మీది సూట్‌కేసులో పెట్టేశారు. నేను బాధపడతానని. ఆ సంగతి నాకు తెలుసు. రెండేళ్లు తెలియనట్టే ఉన్నాను.

మర్నాడు పాప స్కూలుకి వెళ్లాక ఆ ఫొటో దించి, తుడిచి, హాల్లో పెట్టాను. పాప వచ్చి, బూట్లు సగం విప్పి అలాగే నిలబడిపోయింది.

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"నీకు ఓకేనా ఆంటీ?"

"ఓకేనే."

చాలాసేపు చూసింది. తర్వాత తెలుగులో అడిగింది. "అమ్మ గుమ్మడికాయ పులుసు చేసేది. నీకు వచ్చా?"

"వచ్చు గానీ మీ అమ్మ ఎలా చేసేదో తెలీదు."

"అమ్మమ్మకి తెలుసు లా!" అని ఇక్కడి పిల్లల యాసలో అనేసి, తనే తణుకులో ఉన్న అమ్మమ్మకు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

నేనూ ఆ పెద్దావిడా అంతవరకు ఒక్కసారీ మాట్లాడుకోలేదు. విషయం చెప్పాను. ఆవిడ గొంతు సవరించుకుని, "పోపు ఆఖర్న పెట్టుకో అమ్మా. బెల్లం పెద్ద ముక్క వెయ్యి. దానికి తీపంటే ఇష్టం," అంది. ఎవరికని నేను అడగలేదు.

ఆ పులుసు ప్రొఫెసరమ్మ కూడా రెండుసార్లు వడ్డించుకున్నారు. ఏడాది కాగానే ఆవిడ వెళ్లిపోయారు. ఎయిర్‌పోర్టులో ఆవిడ చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పాను. గది బాగుందని తనే నాకు తిరిగి థాంక్స్ చెప్పారు. అసలు సంగతి చెప్పేలోపే పెట్టె లాక్కుంటూ లోపలికి నడిచారు. ఆవిడ మాకేమిచ్చి వెళ్లారో ఆవిడకు ఇప్పటికీ తెలియదు.

పాప ఇప్పుడు కాలేజీలో ఉంది. తణుకు నుంచి ఫోన్లు నాకే వస్తాయి. మోకాళ్ల నొప్పులు, వానలు, పక్కింటివాళ్ల గొడవ అన్నీ చెప్పుకున్నాక, ఆఖర్న ఎప్పుడో పెద్దావిడకు గుర్తొస్తుంది, ఫోన్ మనవరాలికి ఇమ్మనడం.