వీణ పలికిన వెబ్ పేజీ

మొన్న అటక మీది పాత కంప్యూటర్ దింపి, ఎవరికైనా ఇచ్చేసే ముందు ఇంకా బతికుందో లేదో చూద్దామని స్విచ్ వేస్తే, అది కాసేపు గుర్రుగుర్రుమని ఆలోచించి, చివరికి వెబ్‌సైట్లు తయారుచేసే మా పాత సాఫ్ట్‌వేర్‌ని తెరిచి చూపించింది. దాని పై అంచున మేము ఎక్కడెక్కడినుంచో తెచ్చి తగిలించుకున్న చిన్న చిన్న బొత్తాలు వరసగా కనబడేసరికి విజయనగరంలోని ఆ మేడగదీ, ఆ రోజుల హుషారూ నన్ను ఒక్కసారిగా ముంచెత్తాయి.

రెండువేల పది దాటిన తొలి సంవత్సరాలవి. నా ఈడువాళ్ళలో చాలామంది టైపు నేర్చుకున్నవాళ్ళే కాబట్టి చెబితే అర్థమవుతుంది, మావారి టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పిల్లలు రావడం మానేశారు. గంటస్తంభం దగ్గరి ఆ మేడగదిని ఖాళీ చేసేద్దామని ఇంట్లో అందరూ అంటుంటే, నేనూ నా తోటికోడలూ మాత్రం అక్కడ కంప్యూటర్ పెట్టుకుని ఊళ్ళో దుకాణాలకి వెబ్‌సైట్లు చేసిపెడతామని మొండికేశాం. మొండితనమైతే ఉంది గానీ కోడు రాయడం ఇద్దరికీ అంతంతమాత్రమే. అలాంటి సమయంలో మా కంటబడ్డాయి యాడ్‌ఆన్లు. అసలు సాఫ్ట్‌వేర్‌కి చేతకాని పనిని దానికి కొత్తగా నేర్పే చిన్న చిన్న ఫైళ్ళవి. ఏ దేశంలోనో ఎవరో తయారుచేసి, కావలసినవాళ్ళు ఊరికే తీసుకోండని ఇంటర్నెట్‌లో పెట్టేవారు.

ఊరికే అనే మాట మా ఇద్దరికీ పిచ్చెక్కించింది. ఫొటోలు తిరిగేది ఒకటి, మెనూ జారేది ఒకటి, అక్షరాలు మెరిసేది ఒకటి, ఇలా దొరికిందల్లా దించుకునేవాళ్ళం. కరెంటు పోయి సగంలో ఆగిపోతే మళ్ళీ మొదటినుంచి. దించాక సాఫ్ట్‌వేర్ మూసి తెరిస్తే పైన కొత్త బొత్తాం ప్రత్యక్షమయ్యేది, దాన్ని నొక్కేది నేనంటే నేనని పోటీపడేవాళ్ళం. ఆ ఉత్సాహంలోనే ఒక బట్టల షావుకారు పేజీ నిండా మంచు కురిపించాం. ఆయన తెరకేసి చాలాసేపు చూసి, "మనూర్లో మంచెప్పుడు కురిసిందమ్మా? సున్నం రాల్తన్నట్టున్నాది. తీసేయండి," అన్నాడు. ఆయన మెట్లు దిగేదాకా ఆపుకుని, తర్వాత కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం.

అలా నవ్వుకుంటూ ఉండగానే అసలు పని వచ్చిపడింది. తోటికోడలి మేనమామ బొబ్బిలిలో వీణలు చేసేవారు, నేనూ ఆమెలాగే మావయ్యా అని పిలిచేదాన్ని. ఆ ఏడు బేరాలు లేక పనిశాల మూసేద్దామన్న ఆలోచనలో ఉండగా, బరంపురంలో సంగీతం నేర్పే ఒకావిడ తన బడికి వీణలు కావాలనీ, మీ పనితనం ఇంటర్నెట్‌లో చూపిస్తారా అనీ ఆయన్ని ఫోన్‌లో అడిగింది. మేము ఎగిరి గంతేసి, పనస దుంగ తొలిచే దగ్గర్నుంచి మెరుగుపెట్టే దాకా ఫొటోలు తీసి, తిప్పితే తిరిగేలా పేజీ కట్టి, మావయ్యని బస్సెక్కించి రప్పించాం. ఆయన ముచ్చటగా చూశారు గానీ, చివర్న మేనకోడలి వైపు తిరిగి, "బాగున్నాది పాపా. గానీ వీణని సూసి ఎవులు కొంతారే? వినాల గదా," అన్నారు.

ఆ మాట మా ఇద్దరికీ గుచ్చుకుంది. బొబ్బిలి వెళ్ళి ఆయన వాయిస్తుంటే రికార్డు చేసుకొచ్చాం, ఇక దాన్ని పేజీలో వినిపించే యాడ్‌ఆన్ కోసం వెతుకులాట మొదలైంది. ఒకటి దించితే ఉచితమని చెప్పి, తీరా చూస్తే పేజీకి అడ్డంగా తన ప్రకటన వేసుకుంది. ఇంకొకటి పెట్టగానే ఫొటోలు తిరగడం మానేశాయి. తోటికోడలు మౌస్ వదిలేసి, "ఇంక మనవల్ల కాదక్కా, మావకేటి సెప్పమంటావు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ ఏమీ తోచక, ఆ రెండో యాడ్‌ఆన్ చేసిన మనిషికి, ఆయనెవరో ఏ దేశమో తెలియకపోయినా, నాకొచ్చిన ఇంగ్లీషులో మా కష్టమంతా మెయిల్‌లో రాసి పంపాను.

మర్నాడు పొద్దున్నే జవాబు! పేజీ తెరుచుకోగానే ముందు నేనంటే నేనని ఫొటోలు తిప్పేదీ తనదీ పోట్లాడుకుంటున్నాయనీ, తన దాన్ని కాస్త ఆగేలా సరిచేశాననీ రాసి కొత్త ఫైలు పంపాడు. ఆయన ఇంగ్లీషూ నాదానిలాగే కుంటుతోంది. డబ్బు అడగలేదు, పేజీ పూర్తయితే ఆ వీణ తనకూ వినిపించమన్నాడంతే. ఫైలు పెట్టి, పేజీ తెరిచాం. ఫొటోలు తిరిగాయి, బొత్తాం నొక్కితే వీణ పలికింది! తోటికోడలు నన్ను పట్టుకుని గదంతా తిప్పేసింది. కింద కిరాణా కొట్టాయన ఏమైందోనని మెట్లెక్కి వచ్చాడు.

మావయ్య వచ్చి బొత్తాం తనే నొక్కుకుని, కళ్ళు మూసుకుని విన్నారు. మెచ్చుకుంటారని మేము ఎదురుచూస్తుంటే, "మంద్రం తీగ శ్రుతి కాస్త దిగిపోనాది. మళ్ళీ వాయిస్తాను, మళ్ళీ తీయండి," అన్నారు. మళ్ళీ తీశాం. ఆ వారంలోనే బరంపురం ఆవిడ ఫోన్ చేసి, ఫొటోల గురించి ఒక్క మాటా అనకుండా, ఆ మంద్రం పలికిన వీణలాంటివే కావాలని అడిగిందట. మావయ్య పనిశాల మూసే మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ దూరదేశపు మనిషైతే, వాళ్ళమ్మ మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని వింటోందని రాశాడు. ఆ రోజు మా మేడగది ప్రపంచానికి నట్టనడుమ ఉన్నట్టనిపించింది.

ఇప్పుడు మావయ్య లేరు. ఆ దూరదేశపాయన పేజీ ఒకనాడు తెరుచుకోవడం మానేసింది, రాసిన ఉత్తరమూ తిరిగొచ్చేసింది. ఈనాటి పిల్లలకి కావలసినవన్నీ ముందే అమరి ఉంటున్నాయి, వెతకనక్కర్లేదు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు. సుఖంగానే ఉంది, కాదనను. కానీ ఏదైనా చక్కగా పనిచేసినప్పుడు, సంతోషం పట్టలేక ఎవరికైనా ఒక్క ముక్క రాద్దామనిపిస్తుంది. రాయడానికి అవతల ఎవరున్నారో తెలియడం లేదు.