నేను కాగితం మీద కట్టిన మరుగుదొడ్డి

ఈ కథలో ఒక మరుగుదొడ్డి ఉంది. ఉంది అనడంలోనే నా తప్పంతా ఉంది, ఎందుకంటే అది లేదు. లేని దానికి నేను తలుపు పెట్టాను, గడియ బిగించాను, గాలికి కిటికీ తెరిచాను, పక్కన నీళ్ళ తొట్టి కట్టాను. ఇదంతా ఒక మధ్యాహ్నం, కుర్చీలోంచి లేవకుండా, ఒకే ఒక బాల్‌పెన్నుతో చేశాను. దానివల్ల మా బడి మండలంలో మొదటి శ్రేణికి ఎక్కింది. మా హెడ్మాస్టరు తన కళ్ళను తానే అనుమానించారు. ఒక అమ్మాయి చదువు ఏడాది ఆగిపోయింది. ఆ మూడోది లేకపోతే ఈ సంగతి ఎప్పుడో చెప్పి నలుగురినీ నవ్వించేవాణ్ణి. పోయిన నెల ఆ అమ్మాయి తల్లి యాదమ్మ చనిపోయింది. ఇంకా చెప్పకపోతే అది రెండో అబద్ధం అవుతుంది. మీరు నవ్వండి. నేను మధ్యమధ్యలో తల దించుకుంటాను, పట్టించుకోకండి.

తొంభైల చివరి మాట. ఖాజాగూడ బండలు దాటాక ఒక చిన్న ఊరు, ఆ ఊళ్ళో ఏడో తరగతి దాకా సర్కారు బడి. మూడు గదులు, ఒక వరండా. పాఠాలు చెప్పేది హెడ్మాస్టరు రాజయ్య సారూ, నేనూ. మా వాళ్ళది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగం వల్ల లింగంపల్లిలో స్థిరపడ్డాం. రోజూ అక్కణ్ణుంచి సైకిలు మీద వచ్చేవాణ్ణి. సంచీలో టిఫిన్ డబ్బా కంటే పుస్తకాలే బరువుగా ఉండేవి. చదివినవాణ్ణని నాకు గట్టి నమ్మకం. వరండాలో నిలబడితే మాదాపూర్ వైపు అద్దాల మేడ ఒకటి అంతస్తు మీద అంతస్తు లేస్తూ కనిపించేది. దాన్ని చూస్తూ చూస్తూ, మా బడి కూడా ఎక్కడో కాస్త మెరవాలని నా బుర్రను ఒక పురుగు తొలవడం మొదలుపెట్టింది.

అప్పుడే బడులకు విద్యా కమిటీలు వచ్చాయి. తల్లిదండ్రులు చేతులెత్తి కొందరిని ఎన్నుకుంటే, వాళ్ళలో ఒకరు చైర్మన్. మా బడికి యాదమ్మ చైర్మన్ అయింది. ఆమెది బండ కొట్టే పని. ఒక ఆడమనిషి పేరు ఉంటే బాగుంటుందని మగవాళ్ళు చేతులెత్తారు. ఆమె మాత్రం అది నిజంగా పనే అనుకుని చెయ్యడం మొదలుపెట్టింది. నేను మొదటిసారి "యాదమ్మగారూ" అని పిలిస్తే, ఇంకెవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగి చూసింది.

మొదటి సమావేశంలో ఆమె అడిగింది ఒక్కటే.

"సారూ, ఆడపిల్లలకు లెట్రిన్ కావాలె."

"చూద్దామండి."

"చూసుడు గాదు సారూ. ఇన్నొద్దులు బండల ఎనకకు పోతుండిరి. ఇప్పుడు ఆ బండలనే మేం కొడుతున్నం. రోజుకొక్కటి లారీల పోతుంది. మాటు లేదు. మా సునీత పొద్దున ఇంట్ల నీళ్ళు గూడ తాగుత లేదు, బడికి పోతే కష్టమని. దసరా దాంక చూస్త. అటెంకల పిల్లను బంద్ చేపిస్త."

సునీత ఏడో తరగతి. ఆ వేసవికి పబ్లిక్ పరీక్ష. బడిలో లెక్కలు వచ్చిన పిల్ల ఆ పిల్ల ఒక్కతే. మరుగుదొడ్డికి అంతకుముందెప్పుడో తవ్విన పునాది గుంట ఒకటి బడి వెనకాల ఉంది. అందులో వాననీళ్ళు నిలిచి, ఎవరిదో ఒక బర్రె మా బడిలో చేరిన విద్యార్థిలా క్రమం తప్పకుండా వచ్చి పడుకునేది. హాజరు పట్టీలో దానికంటే మెరుగైన హాజరు ఎవరికీ లేదు.

సరిగ్గా అప్పుడే రాజయ్య సార్ కంటి ఆపరేషన్‌కు సెలవు పెట్టారు. బడి నా చేతికి వచ్చింది. ఆ వారమే మండలం నుంచి ఒక ఫారం కూడా వచ్చింది. బడిలో ఏమేం సౌకర్యాలు ఉన్నాయో రాసి, కమిటీ చైర్మన్ సంతకంతో పంపాలి.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. "లేదు" అని రాయడం నాకు చేతకాదు. లేదు అని రాస్తే, అది ఆ బడిని నడిపేవాడి చేతకానితనం అనిపించేది. మంచి మార్కులు వచ్చిన పిల్లవాడికే బహుమతి ఇస్తారు కదా, బడులకూ అంతే అనుకున్నాను. గ్రంథాలయం ఉందా? తాళంచెవి పోయిన ఇనప్పెట్టెలో పుస్తకాలున్నాయి. "ఉంది. విలువైన గ్రంథాలు భద్రంగా ఉన్నవి" అని రాశాను. భద్రత విషయంలో అబద్ధం లేదు, ఆ పెట్టెను ఎవరూ తెరవలేరు. ప్రహరీ ఉందా? రెండు వైపులా ఇంకా కొట్టని బండలున్నాయి. "ప్రకృతి సిద్ధమైన ప్రహరీ" అని రాశాను. బాలికల మరుగుదొడ్డి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. పునాది ఉంది కదా, పునాది ఉంటే ఉన్నట్టే కదా అనుకున్నాను. ఆ తరువాత పెన్ను ఆగలేదు. తలుపు, గడియ, కిటికీ, తొట్టి, చుట్టూ వేపచెట్ల నీడ. బర్రెను మాత్రం వదిలేశాను.

సంతకానికి యాదమ్మ వచ్చింది. ఆరు నెలల కిందటే రాత్రి బడిలో పేరు రాయడం నేర్చుకుందట. అరచేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంది.

"ఏం రాసిండ్రు సారూ?"

"బడి గురించండి. అన్నీ."

"లెట్రిన్ సంగతి రాసిండ్రా?"

"రాశానండి. చాలా బాగా రాశాను."

ఈ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు చూడండి. ఆమె నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం బండలోంచి చెక్కినట్టు, తన పేరు రాసింది. సర్కారు కాగితం మీద అది ఆమె మొదటి సంతకం.

మూడు వారాల తరువాత మండల సమావేశంలో విద్యాధికారి మా బడి పేరు అందరికంటే ముందు చదివారు. మొదటి శ్రేణి. నల్ల కళ్ళద్దాలతో సెలవు నుంచి తిరిగొచ్చిన రాజయ్య సార్ నా పక్కనే కూర్చున్నారు. అధికారి వేపచెట్ల నీడ దాకా చదివి ఆపారు. రాజయ్య సార్ నా చెవిలో అడిగారు.

"మూర్తీ, నేను దవాఖానల ఉన్నప్పుడు కట్టిండ్రా?"

నేను అందరికంటే ముందు చప్పట్లు కొట్టాను.

మర్నాడు పొద్దున ఆయన కళ్ళద్దాలు తీసి, పెట్టి, మళ్ళీ తీసి, బడి చుట్టూ మూడుసార్లు తిరిగారు.

"డాక్టరు చెప్పిండు, కొన్నొద్దులు మసక మసక ఉంటదని. గానీ గింత పెద్దది కనిపించకపోవుడేంది? బర్రె మంచిగనే కనిపిస్తుంది మరి."

నేను నిజం చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"ఫారం ఎనక చూసినవా?"

"వెనక ఏముందండి?"

ఆఫీసు కాపీ తీసి తిప్పి చూపించారు. సౌకర్యాలు లేని బడులకే ఈ ఏడు నిధులు కేటాయిస్తామని, వెనకవైపు రెండు వరుసల్లో ఉంది. అన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఒక్క కాగితం తిప్పలేదు. పక్క ఊరి పంతులు అన్నిటికీ "లేదు" అని రాశాడు. ఆయనకు గది వచ్చింది, గోడ వచ్చింది, మరుగుదొడ్డి వచ్చింది. మనిషి ఆరు వాక్యాల కంటే ఎక్కువ రాయడట.

మాకూ ఒక బహుమతి వచ్చింది. దసరాకు నాలుగు రోజుల ముందు మండలం జీపు ఆగి, రెండు చీపుళ్ళూ, ఒక పెద్ద ఫినాయిల్ డబ్బా దించింది. మొదటి శ్రేణి బడుల మరుగుదొడ్ల నిర్వహణకు అట. ముట్టినట్టు చైర్మన్ సంతకం పెట్టాలి. యాదమ్మను పిలిపించారు.

"ఇదేంది సారూ?"

"ఫినాయిల్ అండి."

"దేనికి?"

నేను డబ్బా మీది అక్షరాలు చదువుతున్నట్టు నిలబడ్డాను. చెప్పింది రాజయ్య సారే. ఆమె చివరిదాకా విని, నా వైపు తిరిగింది. అప్పటిదాకా నన్ను మీరు అన్న మనిషి.

"నేను సంతకం నేర్చుకున్నది గిందుకా? నువ్వు చెప్పు."

కాగితం తనే లాక్కుని, ముట్టినట్టు సంతకం పెట్టి వెళ్ళిపోయింది. దసరా సెలవుల తరువాత సునీత బడికి రాలేదు.

తప్పు ఒప్పుకుందామని మండల ఆఫీసుకు వెళ్ళాను. విద్యాధికారి మంచివారే. కుర్చీ వేయించారు.

"సార్, మా బడిలో మరుగుదొడ్డి లేదండి."

"ఉందయ్యా. ఫైల్లో ఉంది."

"ఫైల్లోనే ఉందండి."

"అయితే కూలిందా?"

"కట్టలేదండి."

"కట్టందే ఎలా కూలుతుంది?"

"కూలలేదండి. లేదు."

ఆయన పెన్ను కింద పెట్టారు. "చూడు, ఉన్నదాన్ని లేదని రాయాలంటే, కూలిందని రాయాలి. కూలిందంటే ఎవరు కూల్చారని విచారణ. కట్టలేదంటే ఎవరు రాశారని విచారణ. కాగితం మీద నీ సంతకం, ఆ చైర్మన్ సంతకం. ఇద్దర్నీ పిలుస్తారు. పిలవమంటావా?"

"వద్దండి."

"ఉన్న బడికి రెండోసారి మంజూరు చెయ్యలేను. ఫినాయిల్ సరిపోతోందా?"

"సరిపోతోందండి."

యాదమ్మ కట్టించింది. అవును, ఆమే. నాలాగా ఎవరికీ ఏమీ రాయలేదు. తనతో బండ కొట్టే నలుగురిని ఆదివారాలు తీసుకొచ్చింది. లారీలకు పనికిరాని ముక్కలు మోసుకొచ్చారు. బర్రెను బతిమాలి లేపారు. ఆ గుంటలోనే గోడ లేచింది. నేను కూడా ఆదివారాలు వెళ్ళాను. వెళ్ళాను అనడం గొప్పగా ఉంది కానీ, ఆమె కబురు పెట్టింది. రెండో రాయికే నా నడుము పట్టేసింది.

"ఏంది సారూ, బరువున్నదా?"

"ఉందండి."

"రాసేటప్పుడు తేలిగ్గనే ఉండె గదా. మొయ్యి, ఇంగ శానా ఉన్నయ్."

రాజయ్య సార్ అరుగు మీద నుంచి లెక్క చెప్పేవారు. "గడియ బాకీ, మూర్తీ. కిటికీ బాకీ. నువ్వు తొట్టి గూడ రాసినవ్, యాద్ ఉన్నదా?"

గడియ బిగించేసరికి ఎండాకాలం వచ్చింది. పబ్లిక్ పరీక్ష అప్పటికి అయిపోయింది. సునీత జూన్‌లో మళ్ళీ ఏడో తరగతిలోనే కూర్చుంది, తనకంటే పొట్టి పిల్లల మధ్య, చివరి బల్ల మీద. నాతో మామూలుగానే మాట్లాడింది. లెక్కల్లో మాత్రం సందేహాలు అడగడం మానేసింది.

ఆ ఏడాది విద్యాధికారి స్వయంగా తనిఖీకి వచ్చారు. చేతిలో పాత ఫైలు. యాదమ్మ కొత్త చీర కట్టుకుని ముందు నడిచింది. ఆయన మరుగుదొడ్డి చుట్టూ తిరిగి, ఫైలు చూసి, మళ్ళీ తిరిగారు.

"పోయినేడు నీళ్ళ తొట్టి ఉంది. ఏమైంది?"

జవాబు కోసం ఆగకుండా ఆయన ఫైల్లో వేలు కిందికి జరిపారు.

"కిటికీ ఉంది. ఇప్పుడు ఒక కన్నం ఉంది. వేపచెట్లున్నాయి. కొట్టేశారా?"

"సార్, అవి..." అన్నాను.

"పోయినేడు ఇంత బాగున్నదాన్ని ఒక్క ఏడాదిలో ఇలా చేశారంటే ఏమనాలి? నిర్వహణ లోపం." అక్కడే నిలబడి రాసేశారు. మా బడి మొదటి శ్రేణి నుంచి రెండో శ్రేణికి దిగింది. ఆస్తిని కాపాడలేకపోయినందుకు నాకు మెమో వచ్చింది.

జీపు వెళ్ళిపోయాక యాదమ్మ అడిగింది. "సారూ, లేనప్పుడు ఫస్టా? కట్టినంక సెకండా?"

"అవునండి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపం అనుకున్నాను. భుజాలు కదులుతుంటే తెలిసింది, నవ్వుతోందని. రాజయ్య సార్ కూడా నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. లోపలి నుంచి గడియ తీసిన చప్పుడైంది. సునీత బయటికి వచ్చి, మా ముగ్గురినీ చూసి, ఏమీ అడగకుండా తరగతిలోకి వెళ్ళిపోయింది. నేను నవ్వలేకపోయాను.

సునీత ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక ఆఫీసు క్యాంటీన్ నడుపుతోంది. పోయిన నెల, తల్లి దినాలకు వెళితే, ఫోటో కింద వేయించడానికి నాలుగు మాటలు రాసిమ్మంది. "మీరు మంచిగ రాస్తరు గదా సార్" అంది. ఎత్తిపొడుపో కాదో ముఖం చూస్తే తెలియలేదు. ముందు కాగితాన్ని వెనక్కి తిప్పి చూశాను. ఖాళీగానే ఉంది. అప్పుడు రాశాను: "యాదమ్మ. బడికి మరుగుదొడ్డి కట్టించింది."

సునీత చదివి, "ఇంతేనా సార్?" అంది.

"ఇంతేనమ్మా. అన్నీ నిజమే."

కాబట్టి ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. ఇకమీదట ఏ కాగితమైనా రెండు వైపులా చూడందే పెన్ను తెరవను. కంటితో చూడని తలుపుకు గడియ పెట్టను. నేను మొయ్యలేని రాయిని ఏ వాక్యంలోనూ పెట్టను. వేపచెట్టును నాటితే తప్ప రాయను. మా ఇంటి అటక మీద ఇప్పటికీ ఉన్న ఖాళీ ఫినాయిల్ డబ్బా మీద ప్రమాణం. డబ్బా నిజంగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. నా మాటను మాత్రం నమ్మకండి.