హెడ్డుగారి మీద పేడనీళ్లు

నా చిన్నప్పుడు మా నాన్న కింది ఊళ్లు వదిలి, కొయ్యూరు అవతల కొండల్లో ఉప్పూ కిరసనాయిలూ అమ్మే కొట్టు పెట్టాడు. అక్కడ చైత్రంలో వేట పండుగ చేసేవారు. మగవాళ్లంతా విల్లంబులతో అడవికి పోయేవారు. ఏమీ కొట్టకుండా తిరిగొచ్చినవాణ్ణి ఆడవాళ్లు ఊరి మొదట్లోనే పట్టుకుని పేడనీళ్లతో తడిపేవారు. ఎంతటివాడైనా సరే, తప్పించుకోలేడు. నేనైతే ఆ వినోదం కోసమే పండుగకి ఎదురుచూసేదాన్ని.

పోలీసంటే అక్కడి జనం తలుపులు వేసుకునేవారు, ఒక్క మా ఠాణా హెడ్డు కానిస్టేబులుగారిని చూసి తప్ప. ఆయన మా బడిలోనే ఓనమాలు దిద్దుకున్నారట. చలిజ్వరాల రోజుల్లో క్వినైను మాత్రలు సంచిలో వేసుకుని గూడేలన్నీ తిరిగేవారు. జబ్బుమనిషిని డోలీలో దింపాలంటే తనే ఓ భుజం పట్టేవారు. ఆయన పించను పుచ్చుకుంటున్నారని మా మాస్టారు బడిలో సన్మానం తలపెట్టారు.

తెల్లదొరల మీద కొండజనం లేవదీసిన పితూరీ అణిగిన కాలం అది. పితూరీవాళ్లకి బియ్యం ఇచ్చాడన్న అనుమానంతో ఊళ్లో ఒక ముసలమ్మ కొడుకుని కింది జైలుకి తీసుకుపోయారు. ఆమెకి ఉన్నది వాడొక్కడే. తీసుకొస్తానని మాటిచ్చి హెడ్డుగారు వెళ్లారు. సన్మానం రోజు పొద్దున్నే తిరిగొచ్చి మా కొట్టు అరుగు మీద కూలబడ్డారు. కుర్రాడు జైల్లోనే జ్వరమొచ్చి పోయాడట. శవాన్ని కూడా జైలువాళ్లే ఎక్కడో పూడ్చేశారట.

మా నాన్న గొంతు తగ్గించి, "ఇప్పుడు సెప్పకండి బాబూ. ఎండలు పోయాక వత్తాడనండి. ఆ ఆశతోనైనా ముసిల్ది ఓ ముద్ద తింటాది" అన్నాడు. దయంటే అదే అనిపించింది నాకు. హెడ్డుగారు లేచి బడి వైపు నడిచారు.

బడి ముందు మాస్టారు ఆయనకి కొత్త కండువా కప్పి, అడవిపూల దండ వేసి, ఆయన చేసిన సేవ గురించి చెబుతున్నారు. ఇంతలో ముసలమ్మ వచ్చింది. ఆయన ఒంటరిగా వచ్చారని అప్పటికే ఎవరు చెప్పారో, కుండతోనే వచ్చింది. అందులోని పేడనీళ్లు ఆయన నెత్తిన కుమ్మరించింది. సన్మానానికి వచ్చిన కానిస్టేబుళ్లు కర్రలెత్తారు.

"ఆగండ్రా! వట్టి సేతుల్తో వచ్చినోడికి ఈ కొండల్లో సేసీది ఇదే. ఆవిణ్ణి ముట్టుకోకండి" అని హెడ్డుగారు గద్దించారు.

"నా గుంటడేడీ? ఎప్పుడొత్తాడు?" అంది ముసలమ్మ. మాస్టారు తల దించుకున్నారు. ఆ ఒక్క అబద్ధం ఆడమని మా నాన్న దూరం నుంచే దణ్ణం పెడుతున్నాడు.

హెడ్డుగారు మొహమైనా తుడుచుకోకుండా ఆమె చెయ్యి పట్టుకుని కింద కూర్చోబెట్టి, తనూ పక్కనే మట్టిలో కూర్చున్నారు. "రాడమ్మా. జొరమొచ్చి సచ్చిపోనాడు. నాను తేలేకపోనాను" అన్నారు.

ఆమె పెట్టిన కేక వినలేక చెవులు మూసుకున్నాను. అంత మంచి మనిషి ఇంత కర్కోటకుడా అని ఆయన మీద అసహ్యం వేసింది. సన్మానం అక్కడితో ఆగిపోయింది. ముసలమ్మ కొడుక్కి కర్మ చేయించి, వానలు రాకముందే తనూ పోయింది. అదే ఊళ్లో ఇంకొకామె మొగుడూ అలాగే జైల్లో పోయాడు; ఆమెకి మాత్రం వచ్చేస్తాడనే అందరూ చెప్పారు. మేం ఊరు విడిచి వచ్చేదాకా ఆమె పొద్దుగూకితే అతని కోసం అన్నం వడ్డించి, దారి చూస్తూ ఉండేది. అది చూశాకే హెడ్డుగారి మీద నా కోపం పోయింది.

ఇప్పుడు ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా పెద్దదాన్నని నన్ను పిలుస్తారు. తగ్గిపోతుందనో, వచ్చేస్తాడనో నా చేత అనిపించుకోవాలని చూస్తారు. నా నోట ఆ మాట రాదు. వాళ్ల పక్కన నేల మీద కూర్చుంటాను. అంతకు మించి ఇవ్వడానికి నా దగ్గర కూడా ఏమీ లేదు.