మాస్టరు సంచిలో లేని ఇరవై

వసంత్ కుంజ్‌లో ఆస్టిన్ అని అడిగితే ఎవరూ చెప్పరు గానీ, సరళకుమారి సిస్టర్ కొడుకు, రక్తం తీసే అబ్బాయి అంటే కూరగాయల బండివాడు కూడా ఇల్లు చూపిస్తాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పని. చెయ్యి తేలిక. సూది గుచ్చించుకున్న పిల్లలు ఏడవడం మరిచిపోయి అతని ముఖం కేసి చూసేవారు. పుట్టింది భీమవరంలో, పెరిగిందంతా ఢిల్లీలో. తెలుగు మాట్లాడితే నడుమ హిందీ వచ్చి కూర్చునేది. ఎదుటివాళ్ల ముఖం వాడిపోతే చూడలేని మనిషి. వాడిపోయేలోపే ఏదో ఒకటి చెప్పి సర్దేసేవాడు. అతని మంచితనమూ అదే, అతని కొంప ముంచిందీ అదే.

శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి ఆ ఇంటి గుమ్మం ముందు మూడు జతల చెప్పులు చేరేవి. ప్రార్థన అనుకుందామంటే పాట వినబడదు, పేకాట అనుకుందామంటే సిస్టర్ ఇల్లాయె. పక్కింటి అన్నపూర్ణేశ్వరి ఆగలేక ఒకసారి పెరుగు తోడు కోసమని గిన్నె పట్టుకుని వచ్చింది. లోపల చూస్తే, ఆస్టిన్ కళ్లు పెద్దవి చేసి, "వాన ఆగింది. గుహలోంచి ఎవరో దగ్గుతున్నారు" అంటున్నాడు. బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లు ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఆవిడ తోడు మరిచిపోయి ఖాళీ గిన్నెతో వెళ్లిపోయింది.

అది నోటితో ఆడే ఆట. దర్యాగంజ్ పేవ్‌మెంటు మీద ఆదివారం అమ్మే పాత పుస్తకాల్లో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే, ఆస్టిన్ అందులోంచి నేర్చుకున్నాడు. ఒకడు మాస్టరు. కొండలు, నదులు, దొంగలు, పాములు, మొత్తం లోకం అతని నోట్లోనే ఉంటుంది. మిగతావాళ్లు తలా ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషి ఏం చేస్తాడో చెబుతారు. చేయగలడా లేదా అన్నది లూడో పాచికలు తేలుస్తాయి. శత్రువు దెబ్బ కొట్టే వంతు వస్తే మాత్రం మాస్టరు చెయ్యి సంచిలోకి పోతుంది. సంచిలో సరళకుమారి తంబోలా పెట్టెలోంచి తీసిన ఒకటి నుంచి ఇరవై దాకా బిళ్లలు. ఒకటి వస్తే గీత కూడా పడదు. అంకె పెరిగేకొద్దీ దెబ్బా పెరుగుతుంది. ఇరవై వస్తే ప్రాణం పోతుంది. పోయినవాడు పోయినట్టే, మళ్లీ రాడు. ఆడేవాళ్లు ఇంకో మనిషిని కల్పించుకోవలసిందే. మాస్టరు ముందు అడ్డంగా ఒక అట్ట నిలబెట్టి ఉండేది. దాని వెనక వచ్చిన అంకె అతనికి తప్ప ఎవరికీ కనిపించదు. వచ్చింది వచ్చినట్టు చెబుతాడన్న ఒక్క నమ్మకం మీద అంతా నడిచేది.

ఆడేవాళ్లు ముగ్గురు. విష్ణు వరంగల్ వాడు, గుర్గావ్‌లో కంప్యూటరు ఉద్యోగం, నోరు పెద్దది. శరణ్య బేర్ సరాయ్‌లో గది తీసుకుని కలెక్టరు పరీక్షకి చదువుతున్న పిల్ల. ఆ మెస్సు తిండి తిని తిని, ఆట కన్నా సరళకుమారి పులిహోర కోసమే వచ్చేదని విష్ణు ఏడిపించేవాడు. మూడో మనిషి ఫేబీ. సరళకుమారి పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు, నరసాపురం పిల్ల.

ఫేబీ ఆటకి రావడానికి ఒక కారణం ఉంది. ఆ ఏడు వేసవిలో ఆమె తమ్ముడు సాలొమోను కామెర్లొచ్చి చనిపోయాడు. తల్లీ తండ్రీ లేని పిల్లాడిని నర్సు జీతం మీద పెంచి పెద్ద చేసింది. గోదావరి మీద పంటు నడిపేవాడు. ఊరెళ్లి వచ్చిన దగ్గర్నుంచీ ఫేబీ కంట తడి పెట్టలేదు. డ్యూటీ చేయడం, గదికెళ్లి గోడ కేసి చూస్తూ కూర్చోవడం. సరళకుమారికి ప్రాణం ఊరుకోక చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. "ఆడకపోతే మానెయ్యవే, నలుగురి మధ్యా ఉండు" అంది.

కొన్నాళ్లు ఊరికే కూర్చుంది. ఒక శనివారం ఆస్టిన్, "అక్కా, నీ మనిషి పేరేంటి?" అని అడిగితే, గ్లాసులోని టీ చూస్తూ, "చంటి. పంటు నడుపుతాడు" అంది.

"పంటు అంటే?" అంది శరణ్య.

"పెద్ద పడవే. మోటారు సైకిళ్లు, మేకలు, పెళ్లివారు, అందర్నీ ఒకేసారి దాటించేస్తది."

సాలొమోను సంగతి విష్ణుకీ శరణ్యకీ తెలియదు గానీ, వాడి ముద్దుపేరు చంటి అని ఆస్టిన్‌కి తల్లి చెప్పి ఉంది. అతను మిగతా ఇద్దరికీ చెప్పలేదు.

చంటి వచ్చాక ఆట మారిపోయింది. కొండచిలువ అడ్డొస్తే అందరూ కత్తులు వెతుక్కుంటుంటే చంటి, "ఒరేయ్, టిక్కెట్టు తీసుకున్నావా? లేకపోతే దిగు" అనేవాడు. దొంగల నాయకుడితో పెళ్లి సంబంధాలు మాట్లాడేవాడు. విష్ణు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఫేబీ నవ్వు విని వంటింట్లో సరళకుమారి కళ్లొత్తుకునేది. శనివారాలు ఆ పిల్ల జడలో పువ్వు కూడా కనిపించడం మొదలయింది.

వానల్లో విష్ణు మనిషి పోయాడు. ఆస్టిన్ సంచిలో చెయ్యి పెట్టాడు, ఇరవై వచ్చింది, ఉన్నమాట చెప్పాడు. విష్ణు కాసేపు మూతి ముడుచుకున్నాడు, తరవాత ఇంకో మనిషిని కల్పించుకున్నాడు. అందరూ పులిహోర తిన్నారు.

ఆ వెంటనే తాళ్ల వంతెన ఘట్టం వచ్చింది. తక్కినవాళ్లు అవతలి గట్టుకి చేరారు. చంటి ఆఖరున దాటుతుంటే కింది నుంచి మొసలి లేచింది. ఆస్టిన్ అట్ట వెనక బిళ్ల తీశాడు. ఇరవై. తలెత్తితే ఎదురుగా ఫేబీ, రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టి చూస్తోంది.

"నాలుగు," అన్నాడు ఆస్టిన్. "పంచె చిరిగింది. అంతే."

ఫేబీ ఊపిరి వదిలి నవ్వింది. ఆ వారమంతా అతనికి అన్నం సయించలేదు. మళ్లీ అబద్ధం చెప్పాల్సి వస్తుందేమోనని భయం. ఆలోచించి ఆలోచించి, పద్దెనిమిదీ పంతొమ్మిదీ ఇరవై బిళ్లలు ఏరి తన పాత జామెట్రీ బాక్సులో పడేశాడు. సంచిలో లేనిది చేతికి రాదు, ఇక అబద్ధంతో పనే లేదు అని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు.

అలా చలికాలం వచ్చింది. చంటి నిప్పుల్లో దూకాడు, బయటికొచ్చాడు. పులి నోట్లో తల పెట్టాడు, బయటికొచ్చాడు. విష్ణుకి ఒళ్లు మండింది.

"ఏం మాస్టరూ, నా మనిషి సచ్చినంక ఇంకొక్కడన్న సచ్చిండా? ఆమెకు మాఫీ, మాకు రూలా?"

"అరే యార్, సంచిలో ఏదొస్తే అదే చెప్తాను."

"నా మొకం జూసి చెప్పు."

"ఏదొస్తే అదే," అన్నాడు ఆస్టిన్ ముఖం చూసే. విష్ణు ఆ రోజు తినకుండానే బండి తీశాడు.

క్రిస్మస్ ముందు నర్సుల హాస్టల్ మెస్సులో పార్టీ. తంబోలా పెట్టె సరళకుమారిది, అంకెలు పిలవడానికి గొంతు ఆస్టిన్‌ది. అతను ఆట సంచిలోని బిళ్లలు పెట్టెలో కలిపేసి తీసుకెళ్లాడు. కేకు కోశారు, టిక్కెట్లు పంచారు. ఆస్టిన్ ఒక్కో అంకెకీ ఒక్కో చమత్కారం వేస్తూ పిలుస్తుంటే ఆడవాళ్లు పడీపడీ నవ్వుతున్నారు. చివరికి స్టీలు క్యారేజీ బహుమతి మిగిలింది. ఎల్సా అనే పిల్లకి ఒక్క అంకె రావాలి. ఇరవై.

"ఇరవై భయ్యా, ఇరవై."

"ఇంక్రిమెంటు రావడం లేదూ, అలాగే వస్తుంది, ఆగవే," అంది ఒకావిడ.

ఆస్టిన్ తీస్తున్నాడు, పిలుస్తున్నాడు. చమత్కారాలు తగ్గిపోయాయి. చెయ్యి అడుగుకి తగిలేసరికి అతనికి జామెట్రీ బాక్సు గుర్తొచ్చింది.

"పెట్టె దులపరా," అంది సరళకుమారి.

దులిపాడు. ఏమీ రాలేదు. బల్ల మీద పరిచి చూస్తే పద్దెనిమిదీ పంతొమ్మిదీ కూడా లేవు. "దీదీ, పెద్దంకెలన్నీ మీ ఇంట్లోనే దాచుకున్నారా," అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

"ఎలకలు తీసుకెళ్లాయి కాబోలు. శనివారం శనివారం ఈ పెట్టె వీడి దగ్గరేగా ఉంటుంది," అంది సరళకుమారి అమాయకంగా.

ఫేబీ నవ్వలేదు. ప్లేటులో కేకు అలాగే పెట్టి లేచింది. ఆస్టిన్ వెనకే పరిగెత్తాడు. మెట్ల దగ్గర ఆగి ఆమె అడిగింది.

"ఎప్పట్నించి?"

"అక్కా, అది..."

"ఎప్పట్నించి అని అడిగేను."

"తాళ్ల వంతెన దగ్గర్నించి. నువ్వు బాధపడతావని."

ఫేబీ గోడకి ఆనుకుంది. గొంతు పెంచలేదు. "మావయ్య ఫోన్ చేసేడు. చంటికి సీరియస్‌గా ఉంది, బయలుదేరి రా అన్నాడు. జీటీ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ దాకా ప్రార్థన చేస్తానే ఉన్నాను. నా ఆయుష్షు తీసి వాడికియ్యి ప్రభువా అని. పక్క బెర్తు ముసలమ్మ కూడా నాతో చేసింది. వాడు అప్పటికే పెట్టెలో ఉన్నాడు, తమ్ముడూ. నేను బాధపడతానని చెప్పలేదంట. నర్సుని నేను. రోజూ అందరికీ ఆ మాట చెప్పే నోరు ఇది. నాకు మాత్రం ఎవరూ చెప్పరు. నువ్వూ చెప్పలేదు."

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. శనివారం రాలేదు. ఆస్టిన్ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

విష్ణు, శరణ్య వచ్చారు. ఆస్టిన్ జామెట్రీ బాక్సు తెచ్చి బల్ల మీద పెట్టి, చంటి ఎవరో, తను ఏం చేశాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. శరణ్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది. విష్ణు బిళ్లలు అటూ ఇటూ తిప్పాడు.

"నా మనిషి సచ్చినందుకు కాదన్నా నాకు కోపం. అడిగితే మొకం మీద అబద్ధం చెప్పినవ్. ఆమె తమ్ముని సంగతి చెప్పుంటే మేమే అంటుంటిమి, చంటిని సంపకు అని. నలుగురం కూసొని అనుకునే ముచ్చట నువ్వొక్కనివి అట్ట ఎనక కూసొని అనుకున్నవ్."

"ఇప్పుడేం చేయను?"

"ఆమెకేం గావాల్నో నీకెట్ల ఎరుకైతది? పోయి అడుగు."

అడిగాడు. వార్డు బయట బెంచీ మీద కూర్చుని డ్యూటీ అయ్యేదాకా కాచుకుని అడిగాడు. ఫేబీ వచ్చి పక్కన కూర్చుంది. "వాడు వంతెన దగ్గరే పోయేడు కదా. అయితే ఎలా పోయేడో చెప్పు. నాకెవరూ చెప్పలేదు," అంది.

ఆ శనివారం అట్ట తీసేశారు. పులిహోర పొయ్యి మీదే ఉంది, ఎవరూ అడగలేదు. ఇన్నాళ్లూ నోటి నిండా కథలున్న మాస్టరు ఆ నాలుగు వాక్యాలూ ఒక్కొక్కటిగా వెతుక్కున్నాడు. తాడు తెగిన చప్పుడు చెప్పాడు. నీళ్లు ఎర్రబడ్డాయని చెప్పాడు. చంటి అవతలి గట్టు కేసి చెయ్యెత్తాడని చెప్పాడు.

"పక్కన ఎవరైనా ఉన్నారా?" అంది ఫేబీ.

ఆస్టిన్ గొంతులో 'ఉన్నారక్కా' అన్న మాట సిద్ధంగా ఉంది. విష్ణు అతని కేసే చూస్తున్నాడు. ఆ మాట మింగడానికి అతనికి కొంత సేపు పట్టింది.

"లేరక్కా. అందరూ అవతలి గట్టున ఉన్నారు. వాడొక్కడే."

ఫేబీ తలూపింది. మళ్లీ తలూపింది. తరవాత బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఊరు నుంచి మోసుకొచ్చిన ఏడుపంతా అక్కడ దించింది. శరణ్య ఆమె వీపు మీద చెయ్యి వేసింది. సరళకుమారి వంటింట్లోంచి వచ్చి కింద కూర్చుని ఆమె పాదాలు పట్టుకుంది. విష్ణు బాల్కనీలోకి వెళ్లిపోయి చాలాసేపు రాలేదు.

ముఖం కడుక్కుని ఫేబీ శాలువా కప్పుకుంది. గుమ్మం దగ్గర ఆస్టిన్, "వచ్చే శనివారం వస్తావా అక్కా?" అన్నాడు.

"రాను, తమ్ముడూ. కోపం లేదు. నువ్వు మంచోడివే. కానీ ఇంక నువ్వేం చెప్పినా, ఇది నిజమా, నా మీద జాలా అని చూసుకుంటా కూర్చోవాలి. అలా ఆడలేను."

"అట్ట తీసేశాం కదా."

"బల్ల మీద తీసేవు," అంది ఫేబీ.

ఆస్టిన్ ఆపలేదు, బతిమాలలేదు. వెంట వెళ్లి ఆటో మాట్లాడి ఎక్కించాడు. పొగమంచులో ఎర్ర దీపం మలుపు తిరిగేదాకా నిలబడి పైకొచ్చాడు. విష్ణు చెప్పులు వేసుకుంటున్నాడు. సరళకుమారి పులిహోర గిన్నెకి మూత పెడుతూ, "మళ్లీ వస్తుందంట్రా?" అని ఆశగా అడిగింది.

"రాదు మమ్మీ," అన్నాడు ఆస్టిన్. తల్లి ముఖం వాడిపోయింది. అతను చూస్తూ నిలబడ్డాడు.