గేటు కాడ చిన్నయ్య

సిరిసిల్ల మగ్గాల చప్పుడులో పెరిగి, జగిత్యాలలో కంప్యూటర్ నేర్చుకున్న సత్తార్ కోరుట్ల బస్టాండు వెనుక సందులో నెట్ దుకాణం పెట్టుకున్నడు. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో గుణం ఇస్తడు. సత్తార్‌కు ఓపిక ఇచ్చిండు. చదువురాని ఆడోళ్లు వస్తే తన కుర్చీ వాళ్లకిచ్చి తను నిలబడేటోడు. ఆయన భార్య ఖుర్షీద్ బేగం వెనుక ఇంట్లకెల్లి అడగకముందే చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చేది.

శుక్రవారం పొద్దుగాల ఆ దుకాణం నిండా దుబాయి పోయినోళ్ల భార్యలే. వాళ్ల మగలంతా ఒకటే క్యాంపుల ఉంటరు. ఆ క్యాంపు గేటు కాడ ఒక కెమెరా ఉన్నది. అది ఘడియ ఘడియకూ ఒక ఫొటో తీసి నెట్‌లో పెడుతది. సెలవునాడు మనోళ్లు తానాలు చేసి, ఆ గేటు కింద వరుసగ నిలబడి చెయ్యి ఊపుతరు. ఇక్కడ వీళ్లు తెరకు చెయ్యి ఊపుతరు. మాటా ముచ్చటా ఏమీ ఉండదు. అయినా వారమంతా బీడీలు చుట్టే చేతులకు అదే బలం.

“సూడుండ్రి, రాజవ్వ మొగడు చెయ్యి ఊపుతుంటె నా మొగడు ముక్కు గోక్కుంటున్నడు!” అని దేవవ్వ వాపోయేది.

“నిన్ను తలుసుకుంటె దురద వెడుతున్నట్టుంది వదినె,” అనేది రాజవ్వ. దుకాణమంతా నవ్వు.

తెలంగాణ కోసం సకల జనులూ సమ్మె కట్టిన కాలం వచ్చింది. బస్సులు ఆగినయి. బొగ్గు బాయిలు ఆగినయి. కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెల్వకపాయె. సెల్ టవర్లు మూగవోయినయి. నెట్ లైను చీమ నడక నడిచింది. అంత దూరం నడిచివచ్చిన ఆడోళ్లు సగం ఫొటో చూసి మళ్లిపోతుంటే సత్తార్‌కు మనసున పట్టలేదు.

పాత కంప్యూటర్‌ను ఒక మూలకు పెట్టి, దుకాణంలోని మిగతా వాటన్నిటికీ దాన్ని నెట్ పేజీలు దాచే డబ్బాగ కుదిరిచ్చిండు. ఒకపారి వచ్చిన పేజీని అది తన కాడ దాచుకుంటది. మళ్లెవరన్న అడిగితే బయటి లైనుకు పోకుండ ఉన్నదే తీసి ఇస్తది. ఫొటోలే లైనును ఎక్కువ తింటయని, “ఫొటో ఒకపారి వచ్చినంక నెలదాకా మళ్ల తేవొద్దు” అని దానికి రాసిపెట్టిండు. మంచే చేసిన అనుకున్నడు.

అప్పటిసంది ఫొటో రెప్పపాటుల వచ్చేది. “నీ డబ్బా సల్లగుండ అన్నా!” అన్నది రాజవ్వ. ఫోన్లు రాకపోయినా బాధ లేకపోయె. ఆమె మొగడు చిన్నయ్య కండ్ల ముందట ఉన్నడు గద. పచ్చ తువ్వాల మెడకేసుకొని, చెయ్యెత్తి నవ్వుతున్నడు.

తరువాతి శుక్రవారం ఆమె, “గదే అంగి ఏసుకున్నడేంది? ఇంకోటి లేదా?” అన్నది.

“నా మొగడైతె ముక్కు మీదికెల్లి చెయ్యే తీస్తలేడు,” అన్నది దేవవ్వ. అందరితోపాటు సత్తార్ కూడ నవ్విండు.

ఆ పై శుక్రవారం బంద్. రాజవ్వ ఒక్కతే పొలాల గట్లమీద నడిచి వచ్చింది. ఇన్వర్టర్ మీద దుకాణం నడుస్తున్నది. పేజీ తెరువంగనే చిన్నయ్య వచ్చిండు. రాజవ్వ చెయ్యి ఊపింది.

అప్పుడు సత్తార్ చూపు మోడెమ్ మీద పడ్డది. ఎర్ర లైటు. తెల్లారినసంది లైనే లేదు.

మెల్లగ గోడకాడికి పోయి లైను వైరు పీకి చేతుల పట్టుకున్నడు. మళ్ల పేజీ నొక్కిండు. చిన్నయ్య మళ్ల వచ్చిండు. అదే నవ్వు. కాళ్ల కింద అదే నీడ. గేటు మీద రెక్క విప్పిన కాకి ఎగురనూ లేదు, వాలనూ లేదు. సత్తార్‌కు సంగతి సమజైంది. ఆ గేటు ఫొటోకు ఎప్పుడూ ఒకటే పేరు. కొత్త ఫొటో వచ్చినా, ఇది నా కాడ ఉన్నదే గదా అని డబ్బా పాతదే ఇస్తున్నది.

“అక్కా… ఇది ఇయ్యాల్టిది కాదు.”

“మరెన్నటిది?”

“సమ్మె మొదలైనప్పటిది. తప్పు నాదే.”

రాజవ్వ ఎత్తిన చెయ్యి మెల్లగ దించుకున్నది. “అయితె ఇయ్యాల్టిది చూపియ్యి.”

జుమా నమాజుకు పిలిచే బాంగు వినిపించినా సత్తార్ పోలేదు. వైరు మళ్ల గోడకు తగిలిచ్చి, లైను కోసం కాసుకొని కూసున్నడు. ఎర్ర లైటు పచ్చగయినంక, డబ్బాల దాచినదంత తుడిచేసి పేజీ నొక్కిండు.

ఫొటో పైనుంచి పట్టీలు పట్టీలుగ దిగింది. ఆకాశం. గేటు. మనుషుల తలకాయలు. ఎవరి చెయ్యీ లేస్తలేదు. అందరూ చేతులు కట్టుకొని సూటిగ వీళ్లనే చూస్తున్నరు. నడుమ ఒక మనిషి పట్టేంత జాగ విడిచిపెట్టి, అక్కడ కుర్చీ ఏసిండ్రు. కుర్చీ మీద చిన్నయ్య ఫొటో. దానికి పూలదండ.

ఎన్ని శుక్రవారాలసంది గట్ల నిలబడుతున్నరో. ఎంతమంది ఎన్నిమార్లు ఫోన్లు కలిపిండ్రో.

ఖుర్షీద్ బేగం నీళ్ల చెంబు కింద పెట్టి, రాజవ్వను రొమ్ముకు అదుముకున్నది. సత్తార్ దగ్గరికి వచ్చి నిలబడ్డడు.

“గా పాత ఫొటోనన్న దాచకపోతి అక్కా. తుడిసేసిన. ఇగ అది దొరకది.”

రాజవ్వ తెరకెల్లి చూపు తిప్పలేదు.

“మంచిపని చేసినవ్ అన్నా. పానం పోయినంక గూడ నా కోసం గా ఎండల నిలవడ్డడు. ఇగనన్న కూసోనియ్యి.”