హుక్కులు కుట్టిన వదిన

ఎనభైల్లో అమెరికాలో, సన్నీవేల్‌లో నేను ఇంట్లోనే చీరల మీదకి జాకెట్లు కుట్టిపెట్టేదాన్ని. పక్క అపార్ట్‌మెంట్ వదిన వాటికి హుక్కులు, కాజాలు కుట్టేది, అందుకు డబ్బిచ్చేదాన్ని. ఒక బర్త్‌డే పార్టీలో ఆవిడ, నేను కుట్టిన జాకెట్టే వేసుకుని, "ఈవిడ సంపాదన టాక్స్ వాళ్లకి తెలీదులెండి!" అని అందరి ముందూ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే లైబ్రరీ నుంచి టాక్స్ ఫారాలు తెచ్చి, నా ఆదాయం పైసాతో సహా చూపించాను. పనిచేసిపెట్టినవాళ్లకి ఏడాదిలో ఆరువందల డాలర్లు మించి ఇస్తే అదీ రాసి పంపాలట. ఆవిడకిచ్చింది అంతకి మించింది. ఆనందంగా రాసి, ఒక కాపీ టాక్స్ ఆఫీసుకి, ఒకటి ఆవిడకి పోస్ట్ చేశాను.

కాపీ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఏంటి వదినా, నా సంపాదన వాళ్లకి చెప్పేశావా?"

"నీలాగా అందరి ముందూ చెప్పలేదుగా వదినా. ఒక్క టాక్స్ వాళ్లకే చెప్పాను."