బూట్లు పోయింది బయట, కెమెరా పెట్టింది లోపల

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ అడిగారు. "అమ్మమ్మా, కొత్త ఫ్లాట్‌కి డోమ్ కెమెరా కొంటున్నాం, ఇండోర్‌ది కొనమంటావా, అవుట్‌డోర్‌దా" అని. నవ్వుతూనే అడిగారు. ఈ ముసలిదానికి కెమెరాల సంగతి ఏం తెలుస్తుందిలే అనుకుని ఉంటారు. తర్వాత చెబుతానని ఫోన్ పెట్టేశాను.

ఫోన్‌లో చెబితే కుదరదని రాస్తున్నాను. నా గొంతు మెత్తన. నేను ఎంత కోపంగా మాట్లాడినా వినేవాళ్లకి నిమ్మళంగానే ఉంటుంది. మీ తాతగారు కూడా, "నీకు కోపం వచ్చిందని నువ్వు చెబితే తప్ప తెలీదే" అనేవారు. అందుకని ముందే చెబుతున్నాను. నాకు కోపంగా ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఉంది.

మీ మామయ్య, అత్త నోయిడా పక్కన ఇందిరాపురంలో ఫ్లాట్ కొన్న రెండేళ్లకి జరిగిన సంగతి ఇది. తాతగారు పోయాక నేను వాళ్ల దగ్గరికి వచ్చేశాను. ఇద్దరివీ నోయిడాలో ఆఫీసులు. పొద్దున్నే క్యాబ్ వస్తే వెళ్లడం, దీపాలు పెట్టే వేళకి రావడం. మధ్యలో ఇంట్లో నేనొక్కదాన్నే. వాళ్లు వెళ్లిన కాసేపటికి పనిచేసే ఆవిడ వచ్చేది. బులంద్‌షహర్ వైపు పల్లెటూరు మనిషి, నలభై దాటి ఉంటాయి. ఆమె హిందీ నాకు సగం అర్థమయ్యేది, నా హిందీ ఆమెకి పావువంతు. అయినా పొద్దు గడిచిపోయేది. ఆదివారం ఆవిడకి సెలవు. కాబట్టి మీ మామయ్య రెండేళ్లలో ఆవిడ మొహం సరిగ్గా చూసింది లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మా అంతస్తులో అందరూ బూట్లతోనే ఇంట్లోకి వెళ్లిపోతారు. మనం అలా వెళ్లలేం కదా. గుమ్మం పక్కన వరండాలో ఒక స్టాండు పెట్టుకున్నాం. ఎదురింటి పంజాబీ ఆంటీ, "మీ ఇంటి ముందు ఎప్పుడూ గుడి ముందున్నట్టు ఉంటుంది" అని ఎగతాళి చేసేది. ఒకరోజు ఆ స్టాండు మీంచి మీ మామయ్య కొత్త బూట్లు పోయాయి. తోలు బూట్లు, ప్రమోషన్ వచ్చినప్పుడు ముచ్చటపడి కొనుక్కున్నవి.

దాంతో కెమెరా కావాల్సి వచ్చింది. తర్వాతి ఆదివారం గుడికని బయల్దేరి, ముందు దారిలో కెమెరాలమ్మే ఒక దుకాణానికి వెళ్లాం. దుకాణం మనిషి రెండు తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి. ఒకటి ప్లాస్టిక్‌ది, తేలిక. ఇంకోటి ఇనుప గుండులా బరువు. బరువుదాన్ని వేళ్లతో టకటకా కొట్టి, "మాతాజీ, ఇది అవుట్‌డోర్. వాన, దుమ్ము, రాయి, దేనికీ లొంగదు. ఇంట్లోకైతే ఈ ఇండోర్ సరిపోతుంది" అన్నాడు.

రెండింటికీ ముందు నల్లటి మూత. చలువ కళ్లద్దాల్లాంటి నలుపు. "ఇదెందుకు బాబూ నల్లగా?" అని అడిగాను.

"అదే దీని గొప్ప, మాతాజీ. లోపల కన్ను ఎటు తిరిగి ఉందో బయటివాళ్లకి తెలీదు. గదిలో ఎక్కడున్నా నన్నే చూస్తోందనుకుంటారు."

మీ మామయ్య మెచ్చుకోలుగా తలూపాడు. నేను మెల్లిగా అన్నాను, "ఒరే, బూట్లు పోయింది బయట కదరా. గుమ్మం పైన పెట్టించు."

"బయటికైతే అవుట్‌డోర్‌ది కావాలమ్మా. మనకి ఇండోర్ చాలు. హాల్లో పెడితే తలుపు కూడా కనబడుతుంది."

"తలుపు లోపలివైపు కనబడుతుంది. దొంగ బయటివైపు ఉంటాడు."

మీ అత్త నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లింది. "అత్తయ్యగారూ, పగలంతా ఇంట్లో బయటివాళ్లు తిరుగుతుంటారు కదండీ. అదీ చూసుకోవాలిగా."

బయటివాళ్లట. ఉన్నది ఒక్క మనిషి. బూట్లు ఒక వంక అని అప్పుడే అర్థమైంది. అసలు అనుమానం ఎవరి మీదో తెలిశాక ఇండోరా అవుట్‌డోరా అని బేరం ఎందుకు, నన్ను అభిప్రాయం అడగడం ఎందుకు.

మర్నాడే హాలు మధ్యలో, ఫ్యాను పక్కన సీలింగ్‌కి బిగించారు. టీవీ కింద ఒక పెట్టె పెట్టారు. రోజంతా పట్టిన బొమ్మ అందులో దాచుకుంటుంది, సాయంత్రం టీవీలో వేసుకుని చూడొచ్చు. మాట వినబడదు. బొమ్మ కూడా అంతంత మాత్రం, మనిషి మసకమసగ్గా ఉంటుంది.

ఆవిడ వచ్చింది. చీపురు పట్టుకుని హాల్లోకి అడుగుపెట్టి తల పైకెత్తింది.

"అమ్మాజీ, అదేంటి?"

చెప్పాను. నా హిందీలో దాచి చెప్పడానికి మాటలు దొరకలేదు, అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను.

"అందులోంచి సాబ్ చూస్తారా?"

"సాయంత్రం వచ్చాక చూస్తాడు."

"సాయంత్రం చూస్తే మాత్రం ఏంటి, చూసేది నన్నే కదా" అంది. "కన్ను ఎటుంది?"

"తెలీదు. తెలీకుండానే చేశారు."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. కొంగు తల మీదుగా లాగి, గడ్డం కిందదాకా దించేసింది. ఘూంఘట్ అంటారు. వాళ్ల ఊళ్లో మామగారి ముందు, బావగారి ముందు, పరాయి మగవాళ్ల ముందు మొహం అలాగే కప్పుకుంటారట. నా ముందు ఎప్పుడూ వేసుకోలేదు కాబట్టి నేనూ చూడలేదు. కెమెరా వెనక మగవాడు ఉన్నాడు. కన్ను ఎటు తిరిగిందో తెలీదు. అందుకని హాల్లో ఉన్నంతసేపూ ముసుగే. ముసుగులోంచి తడుముకుంటూ ఊడ్చింది, తుడిచింది. కుర్చీ కోడు మోకాలికి తగిలితే నిలబడి రుద్దుకుంది. వంటింట్లోకి రాగానే ముసుగు తీసి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

వారం తిరక్కుండా ఒక సాయంత్రం మీ మామయ్య టీవీ ముందు కూర్చుని, "ఇలా రా, చూడు" అని మీ అత్తని పిలిచాడు. "మొహం కప్పుకుని తిరుగుతోంది. ఏ రోజు చూసినా ఇంతే. మొహం కనబడకూడదని. తప్పు చెయ్యనివాళ్లకి దాక్కోవాల్సిన అవసరం ఏంటి?"

"నాకు ముందే అనుమానమండీ" అంది మీ అత్త.

"అది వాళ్ల ఆచారంరా" అన్నాను. "మగవాళ్ల ముందు అలాగే ఉంటారు. నువ్వు చూస్తున్నావని కప్పుకుంటోంది."

"నేను ఆఫీసులో ఉంటే ఇంట్లో మగవాళ్లెవరమ్మా? నువ్వు మరీ అమాయకురాలివి. సొసైటీ ఆఫీసులో చెప్పి ఆవిడ పాస్ క్యాన్సిల్ చేయిస్తాను."

ఆ పాస్ సంగతి మీకు చెప్పాలి. పనివాళ్లకి గేటు దగ్గర ఒక కార్డు ఇస్తారు. అది ఉంటేనే లోపలికి రానిస్తారు. ఆవిడ మా ఇల్లు కాక అదే సొసైటీలో, అంటే మా ఫ్లాట్లన్నీ ఉన్న ఆవరణలో, ఇంకా నాలుగైదు ఇళ్లలో చేసేది. మీ మామయ్య ఒక్క మాట అంటే అన్నీ పోతాయి. భర్త మంచాన పడి ఉన్నాడు, ఇల్లు గడిచేది ఆవిడ చేతుల మీదే. ఇదంతా మెత్తగానే చెప్పాను. "ఆదివారం సొసైటీ మీటింగ్ ఉంది, అక్కడ మాట్లాడతాను" అని భోజనానికి లేచాడు. ఈ ఊళ్లో ఉంటున్నాడు, ఈ భాషలో ఆఫీసు నడుపుతాడు, దీపావళికి పక్కింటివాళ్లకి మిఠాయి పంచుతాడు. తన ఎంగిలి కంచం కడిగే మనిషి మొహం ఎందుకు కప్పుకుంటుందో మాత్రం తెలీదు. తెలీదని ఒప్పుకోడు కూడా.

మర్నాడు ఆవిడ వచ్చేసరికి నేనూ హాల్లో కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చున్నాను. ఎందుకలా చేశానంటే, చెప్పడానికి నా దగ్గర ఇంకో మాట మిగల్లేదు.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత పగలబడి నవ్వింది. "అమ్మాజీ, అలా కాదు, జారిపోతోంది. పళ్ల మధ్య అంచు పట్టుకోండి."

"పళ్లు కట్టుడువి తల్లీ, అవీ ఊడొస్తాయి" అన్నాను. ఇంకా నవ్వింది.

పని అయ్యాక నా పక్కనే కింద కూర్చుంది. చలికాలం, బఠాణీలు కుప్పలు వచ్చే రోజులు. ఇద్దరం ముసుగులేసుకుని బఠాణీలు ఒలిచాం. ఆవిడ కట్టుకున్నది నేను అంతకుముందు ఇచ్చిన నేత చీరే. నేను కట్టుకున్నదీ అలాంటిదే. మధ్యలో లేచి టీవీ కింద సొరుగు తీసి బీపీ మాత్ర వేసుకుని, మళ్లీ కూర్చున్నాను. ముసుగులోంచి ప్రపంచం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మాత్రే కాదు, గ్లాసు కూడా వెతుక్కోవాల్సి వచ్చింది.

వెళ్లేటప్పుడు ఒక చిన్న సీసాలో గోంగూర పచ్చడి పెట్టి ఇచ్చాను. ఆవిడకి ఇష్టం. కాసేపటికి గేటు నించి ఇంటర్‌కమ్ మోగింది. గార్డు.

"మాతాజీ, మీ పనిమనిషి సంచీలో ఒక సీసా ఉంది. మీరు ఇచ్చిందేనా?"

"సంచీ ఎందుకు తెరిచావు బాబూ?"

"సాబ్ పొద్దున వెళ్తూ చెక్ చెయ్యమన్నారు."

మీటింగ్‌దాకా కూడా ఆగలేదన్నమాట. "నేనే ఇచ్చాను" అన్నాను. గొంతు ఎప్పటిలాగే మెత్తగా వచ్చింది. దానికి ఆరోజు నన్ను నేను ఎంత తిట్టుకున్నానో. గేటు దగ్గర అది మధ్యాహ్నం పనివాళ్లంతా మారే వేళ. వాళ్లందరి ముందూ సంచీ తెరిపించి, సీసా పైకెత్తి చూపించి, నాకు ఫోన్ చేశాడు. ఆవిడ కొంగు లాక్కుందో లేదో నాకు తెలీదు.

సాయంత్రం మీ మామయ్య వచ్చీ రాగానే టీవీ పెట్టాడు. నేను సోఫా చివర కూర్చున్నాను. తెర మీద ఇద్దరు ముసుగు మనుషులు. బఠాణీలు.

"ఇదేంటి, ఇంకెవరినో కూడా వెంటేసుకొచ్చింది" అన్నాడు. తెర మీద ఒకామె లేచి సొరుగు దగ్గరికి వెళ్లింది. మీ మామయ్య ముందుకి వంగాడు. "చూశావా? సొరుగు తీస్తోంది. ఏదో తీసి నోట్లో కూడా వేసుకుంటోంది. ఇప్పుడేమంటావమ్మా? ఇదా ఆచారం?"

"అది నేనురా" అన్నాను.

వెనక్కి తిరిగాడు.

"బీపీ మాత్ర వేసుకుంటున్నాను. మీ అమ్మని. చూడు, ఆ బొమ్మ ఇంకోసారి వేసుకుని చూడు. ఇప్పుడు వెళ్లి నా పాస్ కూడా క్యాన్సిల్ చేయించు."

మీ అత్త, "అత్తయ్యగారూ, మీరు మమ్మల్నిలా పరీక్షించడం బాలేదండీ" అంది.

"నన్ను మీరు ఇన్ని రోజులుగా పరీక్షిస్తున్నారమ్మా. ఆ కన్ను కింద నేనూ తిరుగుతున్నాను. పగలు నేను ఎప్పుడు పడుకున్నానో, ఎప్పుడు కాళ్లకి నూనె రాసుకున్నానో కూడా అందులో ఉంటుంది. అది ఎవరికైనా గుర్తొచ్చిందా?"

తెర మీద నేనూ ఆవిడా ఇంకా బఠాణీలు ఒలుస్తూనే ఉన్నాం.

"రేపు దాన్ని బయట పెట్టించు" అన్నాను.

"అది ఇండోర్‌దమ్మా. బయట దుమ్ముకి ఆగదు."

"ఆగేది కొను. మీటింగ్‌లో ఆవిడ పేరెత్తావంటే, నేనే వచ్చి ఈ బొమ్మ అందరికీ వేసి చూపిస్తాను."

పేరెత్తలేదు. పాస్ నిలిచింది. కెమెరా గుమ్మం పైకి వెళ్లింది. ఇండోర్‌దే పెట్టించాడు, పంతం. మే నెల గాలిదుమారానికి మూత నిండా మట్టి చేరింది, వానలకి లోపల చెమ్మ పట్టింది. అప్పుడు వెళ్లి ఇనుపది తెచ్చాడు. ఆ బూట్లు ఎవరు తీశారో మాత్రం ఇవాళ్టికీ తెలీదు.

ఆవిడ మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పచ్చడి సీసా కడిగి, గార్డు చేత పంపించింది. మా పైఅంతస్తులో ఒక ఇంట్లో చేరింది. సీలింగ్‌కి కెమెరా బిగించిన మేకుల రంధ్రాలు రెండుసార్లు సున్నం వేయించినా కనబడుతూనే ఉన్నాయి. వాటి కింద ఒక్కదాన్నే కూర్చుని కూరలు తరుక్కునేదాన్ని.

మీరు అడిగినదానికి జవాబు ఇదే. గుమ్మం బయట పెట్టుకోండి, ఖర్చయినా అవుట్‌డోర్‌దే పెట్టుకోండి. లోపలే పెడతామంటారా, ముందు మీరు ఒకరోజు సెలవు పెట్టి దాని కింద ఇల్లు తుడవండి.

ఆ తర్వాత ఒకసారి నేనూ మీ మామయ్యా లిఫ్ట్ పిలిస్తే, తలుపు తెరుచుకునేసరికి లోపల ఆవిడ ఉంది. నన్ను చూసి నవ్వింది. నా వెనక మీ మామయ్యని చూసి కొంగు దించేసింది. వాడు లోపలికి వచ్చి, కిందికి చేరేదాకా మొహం గోడవైపు తిప్పుకుని నిలబడ్డాడు. ఆవిడ గబగబా గేటువైపు వెళ్లిపోయింది.

"అమ్మా, ఆవిడని మళ్లీ రమ్మని అడుగుతావా?" అన్నాడు.

"సంచీ తెరిపించింది నువ్వు. అడగాల్సింది నువ్వు" అన్నాను.

ఇంతవరకూ అడగలేదు.